నీడ ఎవరిది? నగరంలో చెట్ల లెక్క

తెలుగులో నీడ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి మనిషి నీడ, ఇంకొకటి చెట్టు నీడ. రెండింటితోనూ కులానికి సంబంధం ఉంది. పీష్వాల ఏలుబడిలో అంటరానివాళ్ల నీడ పడితే హిందువు మైలపడతాడని, హిందువు ఎదురొస్తుంటే వాళ్లను దారిలో నడవనిచ్చేవాళ్లు కాదని 1936 నాటి 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ రాశారు. మన ఊళ్లల్లో రచ్చకట్ట మీది రావిచెట్టు నీడ ఊరిదే అయింది గాని వాడది కాలేదు. పంచాయితీకి పిలిస్తే మనవాళ్లు కట్ట దిగువన ఎండలో నిలబడే చెప్పుకున్నారు. మన నీడ వాళ్ల మీద పడొద్దు, వాళ్ల చెట్టు నీడ మన మీద పడొద్దు.

ఆ ఊరిని వదిలి పట్నం వచ్చినం. పట్నంలో చెట్టు అందరిదీ అంటారు. నిజమేనా? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే నగరం చెట్లను ఎట్లా లెక్కపెడుతుందో, ఎట్లా కాపాడుతుందో, ఎట్లా పెంచుతుందో ముందు తెలుసుకోవాలి. హైదరాబాద్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

మొక్కల లెక్క, పందిరి లెక్క

ప్రభుత్వాలు ఎప్పుడూ మొక్కల లెక్క చెబుతాయి. ఇన్ని లక్షలు నాటినం, ఇన్ని కోట్లు నాటినం అంటాయి. కాని మొక్క వేరు, నీడ వేరు. పైనుంచి చూసినప్పుడు కొమ్మలు, ఆకులు కలిసి ఎంత నేలను కప్పుతున్నాయన్నదే అసలు లెక్క. దాన్ని పచ్చని పందిరి అందాం. ఎండను ఆపేది, ఆకుల నుంచి నీటి ఆవిరిని వదిలి గాలిని చల్లబరిచేది ఆ పందిరే. ఊడలు దిగిన ఒక మర్రిచెట్టు ఇచ్చే నీడను రోడ్డు మధ్య డివైడర్లలో వరుసగా పెట్టిన వందల పొదలు ఇవ్వలేవు. ఆ పొదలు కారులో పోయేవాళ్ల కంటికి ఇంపు. పక్కన నడిచేవాళ్ల నెత్తికి ఒరిగేది ఏమీ లేదు.

భారత అటవీ సర్వే 2021 నివేదిక ప్రకారం హైదరాబాద్‌లో అటవీ విస్తీర్ణం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు. 2021 నాటికి 81.81 అయింది. ఇది మంచి మాటే, కాదనం. అయితే ఈ లెక్కలో 'అడవి' అంటే ఏమిటో చూడాలి. ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు, అంతకు మించిన జాగాలో చెట్ల పందిరి పది శాతానికి పైగా ఉంటే చాలు. ఆ జాగా ఎవరిదైనా, చెట్టు ఏదైనా ఫరవాలేదు. అంటే పెద్ద పార్కులు, యూనివర్సిటీల జాగాలు, మిలిటరీ జాగాలు ఈ లెక్కకు ఎక్కుతాయి. బస్తీలో నల్లా కాడి వేపచెట్టు ఎక్కదు. అట్లాంటి చెట్లకు వేరే అంచనా ఉంది గాని అది రాష్ట్రం మొత్తానికి వేసే అంచనా. మన గల్లీలో నీడ ఎంతో అది చెప్పదు.

చట్టం ఏమంటున్నది

చెట్టును కాపాడేందుకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. వాల్టా అంటే అందరికీ తెలుసు. ముందు అనుమతి తీసుకోకుండా చెట్టు కొట్టరాదని అది చెబుతుంది. చెట్లు పెంచేందుకు 2015లో హరితహారం మొదలైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తేవాలన్నది దాని లక్ష్యం. 2019 మున్సిపాలిటీల చట్టం పట్టణాల బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలన్నది. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను కూడా పెట్టింది.

కాగితం మీద లోటు లేదు. కాని అనుమతి ఇచ్చేదీ సర్కారే, రోడ్డుకో భూముల అమ్మకానికో చెట్లు కొట్టేదీ సర్కారే అయితే ఏం జరుగుతుంది? 2025 మార్చి చివర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన, కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనే నాటికి దాదాపు వంద ఎకరాల్లో చెట్లు పోయాయి. అక్కడ చెట్లను కాపాడింది ముందుగా చట్టం కాదు, అడ్డం నిలబడ్డ మనుషులు.

కొట్టేసిన దానికి బదులు పది నాటుతామనే మాట మీద కూడా ఆలోచించాలి. సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల కమిటీ 2021లో ఒక చెట్టు విలువను ఏడాదికి 74,500 రూపాయలుగా లెక్కకట్టింది. చెట్టు వయసు ఎన్నేళ్లయితే దాన్ని అన్ని రెట్లు చేయాలి. అంటే ముసలి చెట్టుకు పిల్ల మొక్క బదులు కాదు. పైగా ఒక బస్తీ నడుమ కొట్టిన చెట్టుకు బదులు ఔటర్ రింగ్ రోడ్డు కాడ నాటితే, బస్తీ నీడను ఊరవతలికి తరలించినట్టే.

నీడకూ గీతలున్నాయి

నీడ పంపకంలో వివక్ష ఉంటుందనేది మన అనుమానం మాత్రమే కాదు. అమెరికాలో లెక్క తీసి చూశారు. అక్కడ 1930లలో ఇంటి అప్పుల కోసం ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పేటలను నాలుగు తరగతులుగా విడగొట్టింది. నల్లవాళ్లు ఉండే పేటలను ఎర్ర రంగుతో గుర్తుపెట్టి అట్టడుగు తరగతిలో వేసింది. 2021లో వచ్చిన ఒక పరిశోధన 37 నగరాలను చూసింది. పై తరగతి పేటల్లో ఇప్పుడు చెట్ల పందిరి సగటున 43 శాతం, ఎర్ర గీత పేటల్లో 23 శాతం. గీత గీసి తొంభై ఏళ్లవుతున్నా ఎండ దాన్ని మరిచిపోలేదు.

మన నగరాల్లో ఆ గీతను ఎవరూ రంగుతో గీయనక్కర లేదు. ఊరికీ వాడకూ నడుమ ఎప్పటి నుంచో ఉంది. నాలా పక్కన, రైలు పట్టాల పక్కన, రేకుల కప్పు కింద బతికే మనకు చెట్టు పెట్టే జాగా ఎక్కడిది? జాగా ఉన్నా పట్టా ఎక్కడిది? చెట్టు నీడనివ్వడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. రేపో మాపో కూల్చేస్తారనే గుడిసె ముందు ఎవరు చెట్టు నాటుతారు? కాబట్టి చెట్టు ప్రశ్న భూమి ప్రశ్నే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. చెట్ల పేరు మీదనే పేదలను వెళ్లగొట్టొచ్చు. బొంబాయిలో 1997లో హైకోర్టు ఆదేశం తర్వాత సంజయ్ గాంధీ జాతీయ పార్కు అంచుల్లోని వేలాది గుడిసెలను కూల్చేశారు. పచ్చదనం కావాలనే వాళ్లతో మనకు పేచీ లేదు. మన ఇంటిని కూల్చి ఆ జాగాలో వాకింగ్ ట్రాక్ వేయడాన్ని పచ్చదనం అంటేనే పేచీ.

ఏమి అడగాలి

నగరంలో చెట్ల చాకిరీ ఎవరిదో కూడా చెప్పుకోవాలి. తెల్లారకముందే రాలిన ఆకులు ఊడ్చేది మనవాళ్లే, అందులో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. వాళ్లు పని ముగించి కూర్చునే చోట మాత్రం చెట్టు ఉండదు.

అందుకే మేము అంటున్నది ఇది. మహారాష్ట్రలో 1975 చట్టం ప్రకారం ఐదేళ్లకోసారి పట్టణాల చెట్లను లెక్కపెట్టాలి. ఆ లెక్క ఇక్కడా కావాలి, బస్తీ బస్తీకి విడిగా కావాలి. పచ్చదనం డబ్బు మొదట నీడ లేని చోట ఖర్చు కావాలి. బస్సు స్టాపులు, అడ్డా కూలీలు నిలబడే చోట్లు, అంగన్‌వాడీలు, ప్రభుత్వ బడులు ముందు రావాలి. నాటేది వేప, కానుగ, రావి లాంటి నీడనిచ్చే చెట్లు కావాలి. చెట్ల మొదళ్ల చుట్టూ పోసిన సిమెంటు తీసేయాలి. ఢిల్లీలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు ఉండొద్దని ఆదేశించింది. మొక్కలకు నీళ్లు పోసేవాళ్లకు సక్రమంగా జీతం రావాలి. అన్నిటికంటే ముందు బస్తీకి పట్టా రావాలి.

ఈ ఎండాకాలంలో విద్యార్థి మిత్రులు, టీచర్లు ఒక పని చేయొచ్చు. మధ్యాహ్నం పన్నెండింటికి మీ బస్తీలో ఒకసారి, దగ్గర్లోని పెద్ద కాలనీలో ఒకసారి నడవండి. వంద అడుగులు వేస్తే ఎన్ని అడుగులు నీడలో పడ్డాయో రాసుకోండి. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి వార్డు ఆఫీసుకు తీసుకుపొండి. రచ్చకట్ట కింద ఎండలో నిలబడి మన తాతలు అడగలేకపోయిన ప్రశ్న ఆ కాగితం మీద ఉంటుంది.