కాళ్లు పడితే కాన్పు రాదు

నెల తప్పిందని తెలిసిన రోజు నుంచే ఇంట్లో ఆంక్షలు మొదలవుతాయి. బొప్పాయి ముట్టొద్దు, బరువులు ఎత్తొద్దు, ఒళ్లు పట్టించుకోవద్దు. విచిత్రమేమిటంటే, మూడో నెలలో పాదాలకు నూనె రాస్తామంటే హడలిపోయే పెద్దవాళ్లే ఎనిమిదో నెలలో బిడ్డ అడ్డంగా ఉందని తెలిస్తే కడుపు సర్దడానికి మనిషిని పిలిపిస్తారు. అక్కర్లేని చోట భయం, భయపడాల్సిన చోట మొండి ధైర్యం.

అపోహ: మొదటి మూడు నెలల్లో మర్దన చేస్తే గర్భం పోతుంది.

తొలినాళ్లలో గర్భం పోవడానికి చాలాసార్లు కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. మెడ, భుజాలు, వీపు మీద మెత్తగా చేసే మర్దనతో గర్భం పోతుందనడానికి ఆధారం లేదు. ఆ నెలల్లో గర్భసంచి ఇంకా కటి ఎముకల మధ్యే ఉంటుంది. స్పాలలో చాలావరకు మూడు నెలలు నిండితేగానీ రానివ్వరు కాబట్టి ఈ భయం మరింత బలపడింది. రేపు ఏం జరిగినా నింద తమ మీదికి రాకుండా వాళ్లు పడే జాగ్రత్త అది. రక్తస్రావం కనిపిస్తున్నా, మాయ కిందికి ఉందని స్కాన్‌లో తేలినా, బీపీ ఎక్కువగా ఉన్నా మాత్రం డాక్టరును అడగనిదే ఏ మర్దనా వద్దు.

అపోహ: చీలమండ దగ్గర నొక్కితే నొప్పులు వచ్చేస్తాయి.

చీలమండకు లోపలివైపు నాలుగు వేళ్ల పైన ఉండే ఆక్యుప్రెషర్ బిందువు గురించి ఈ మాట. నెలలు నిండినవాళ్లకు నొప్పులు తెప్పించాలనే ఉద్దేశంతోనే అక్కడ నొక్కి చూసిన పరిశోధనల్లోనూ ఫలితం గట్టిగా తేలలేదు. ఇక సాయంత్రం పూట మీ ఆయన మీ కాళ్లు పడితే కాన్పు ముంచుకొస్తుందా?

అపోహ: కాళ్లకు నీరు పడితే గట్టిగా పిసకాలి, దిగిపోతుంది.

అన్నింటిలోకీ ప్రమాదకరమైన మాట ఇదే. సాయంత్రానికి రెండు పాదాలూ కాస్త ఉబ్బి, పడుకుని లేచేసరికి తగ్గితే అది మామూలే. పాదం నుంచి పైకి తేలిగ్గా నిమిరితే హాయిగానూ ఉంటుంది. కానీ ఒక కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉంటే అక్కడ చెయ్యి వేయకూడదు. ప్రసవంలో రక్తం ఎక్కువ పోకుండా శరీరం ముందే సిద్ధపడుతుంది కాబట్టి గర్భిణుల్లో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కాలి లోతు సిరల్లో గడ్డ ఏర్పడే ముప్పు మామూలు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ, అదీ ఎక్కువగా ఎడమ కాలిలో. అలాంటి పిక్కను పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచినా, తలనొప్పి వదలకపోయినా, కళ్లు మసకబారినా ముందు బీపీ చూపించాలి. ఇరవై వారాలు దాటాక 140/90 కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, నూనె సీసా సంగతి తర్వాత.

అపోహ: చెయ్యి తిరిగిన మనిషి అయితే కడుపు మర్దనతో బిడ్డను సరిచేస్తుంది.

ఎనిమిదో నెలలో తల పైకి ఉన్న బిడ్డల్లో చాలామంది తమంతట తామే తిరుగుతారు. పేరు మాత్రం సర్దినావిడకు వస్తుంది. తిరగని బిడ్డను బయటి నుంచి చేతులతో తిప్పే పద్ధతి ఆసుపత్రుల్లోనూ ఉంది. అయితే 36, 37 వారాల దాకా ఆగి, స్కాన్‌లో చూస్తూ, బిడ్డ గుండె కొట్టుకోవడం గమనిస్తూ, అవసరమైతే అప్పటికప్పుడు సిజేరియన్ చేసేలా ఏర్పాట్లతో చేస్తారు. అంత చేసినా సుమారు సగం మందిలోనే ఫలిస్తుంది. ఇంట్లో గట్టిగా నొక్కితే మాయ గర్భసంచి నుంచి విడిపోవచ్చు. పొట్టకు పైపైన నూనె రాసుకోవడం వేరు, దానితో దురద తగ్గుతుంది. చారలు పడకుండా ఆపుతుందని మాత్రం ఏ నూనె విషయంలోనూ రుజువు కాలేదు.

అపోహ: పడుకునే పక్క మారితే పేగు బిడ్డ మెడకు చుట్టుకుంటుంది.

పేగు చుట్టుకునేది బిడ్డ లోపల కదలడం వల్ల. తల్లి లేచి కూర్చుని పక్క మారినా, అలాగే దొర్లినా తేడా లేదు. పడుకునే తీరులో అసలు తప్పు మర్దనకు వెల్లకిలా పడుకోబెట్టడం. ఇరవై వారాలు దాటాక గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడి తల తిరగవచ్చు. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. లేదా కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని, వీపానుకునే చోట దిండు వేసి దాని మీదికి వాలాలి. హార్మోన్ల వల్ల కీళ్లు వదులై ఉంటాయి కాబట్టి నడుము విరిచే పని ఎవరినీ చేయనివ్వొద్దు.

అపోహ: నొప్పులు మొదలయ్యాక మర్దనతో పనేముంది?

అసలు పని అప్పుడే. నొప్పి వచ్చినప్పుడల్లా నడుము అడుగున, వెన్ను ముగిసే చోట, అరచేతి అడుగు భాగాన్ని ఆనించి గట్టిగా నొక్కి పట్టుకుంటే చాలామందికి నొప్పి ఓర్చుకోగలిగేంత తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో, కోరుకున్న తల్లులకు నొప్పి తగ్గించే మార్గంగా మర్దనను చేర్చింది. అలా నొక్కి పట్టుకోవడానికి పక్కన ఒకరు ఉండాలి కదా; ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు గదిలోకి తోడుగా ఒకరిని అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది, ముఖ్యంగా అంతకుముందు పిల్లల్ని కన్న ఆడవాళ్లను. అమ్మో అత్తో ఎవరు లోపలికి వస్తారో, అక్కడ రానిస్తారో లేదో తొమ్మిదో నెల చెకప్పులోనే అడిగి పెట్టుకోండి.