పదియడుగుల మోటారుకారు

మోటారుకారు నమ్మువారు సాధారణముగా నాలుగు మాటలు చెప్పుదురు. బండి చిన్నది, పెట్రోలు తక్కువ త్రాగును, చురుకుగా పరుగెత్తును, లోపల రాజభోగము గలదు. ఈ నాలుగును ఒక్క బండియందెట్లు కుదురునని వినువారికి సందేహము కలుగుట సహజము. పందెమునకు పనికివచ్చు గిత్త వేఱు, కొలదిమేతతో కాలము గడపుచు అరక లాగు ఎద్దు వేఱు అని మీకు నేను చెప్పనక్కఱలేదు. అయినను వీనిలో మొదటి మూడు గుణములను నిజముగా ఒక్కచోట చేర్చిన కారొకటి ఇంగ్లండులో పుట్టినది. దాని పేరు మినీ. ఆ మూడును ఎట్లు కుదిరినవో, నాలుగవది ఏ దారిని వచ్చినదో విన్నవించెదను.

1956వ సంవత్సరమున సూయజ్ కాలువకై యుద్ధము వచ్చి ఆ కాలువ మూతపడెను. ఇంగ్లండునకు నూనె కఱవు కలిగి, డిసెంబరులో పెట్రోలునకు రేషను పెట్టిరి. అప్పుడు బ్రిటిష్ మోటార్ కార్పొరేషను అధిపతియగు లెనర్డ్ లార్డ్, ఇంజనీరు అలెక్ ఇసిగోనిసునకు ఒక చిన్నకారు నిర్మించు పని యప్పగించెను. అందు నలుగురు సుఖముగా కూర్చుండవలెను. ఇంజను మాత్రము కంపెనీలో అప్పటికే తయారగుచున్నది కావలెను. ఆ బండి 1959 ఆగస్టులో వెలువడెను. పొడవు పదియడుగులు. అందలి నేలలో నూటికి 80 పాళ్లు మనుష్యులకును సామానులకును మిగిలినది.

ఇది యెట్లు సాధ్యమైనది? అంతకు పూర్వపు కార్లలో పెక్కింటియందు ఇంజను ముందుభాగమున పొడవుగా నుండెడిది. దాని వెనుక గేరుపెట్టె. అచ్చటినుండి ఒక పొడుగాటి కడ్డీ బండిక్రిందుగా పోయి వెనుకచక్రములను త్రిప్పెడిది. ఆ కడ్డీకి దారి విడుచుటకై బండి నడుమ నేల గట్టువలె ఎత్తుగా నుండెడిది. ఇసిగోనిసు ఇంజనును అడ్డముగా త్రిప్పెను. గేరుపెట్టెను దాని క్రింది నూనెతొట్టిలోనే అమర్చెను. ముందుచక్రములే బండిని లాగునట్లు చేసెను. మన యెడ్లు బండిని ముందునుండి లాగునుగాని వెనుకనుండి నెట్టవు గదా, ఇదియు నట్టిదే. పొడుగు కడ్డీ పోయినది, దానితో గట్టును పోయినది. చక్రములను 10 అంగుళములకు కుదించి బండి నాలుగు మూలలకు జరిపెను. ఉక్కు కమానులకు బదులు అలెక్స్ మౌల్టన్ కల్పించిన రబ్బరు శంకువులను పెట్టించెను. అవి ఇఱుకైన చోట నిముడును.

ఇక పొదుపు. 848 ఘన సెంటీమీటరుల ఇంజను, 34 అశ్వశక్తి, బండి బరువు సుమారు 600 కిలోలు. బరువు తక్కువైనప్పుడు త్రాగుడు తక్కువయగుట వింతగాదు. ఇంగ్లీషు గాలనుకు 40 మైళ్లకు పైగా, అనగా లీటరుకు 14 కిలోమీటరులకు పైగా నడచెడిది.

నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలుపునది చురుకుదనము. పందెములకై దాని నెవరును కోరి పెట్టలేదు. చక్రములు నాలుగు మూలల నుండుటచేతను, బండి తేలికయై నేల నంటినట్లుండుటచేతను, మలుపులయందది పట్టు వదలదు. పందెపు కార్లు నిర్మించు జాన్ కూపర్ ఈ గుణమును కనిపెట్టెను. 1961లో 997 ఘన సెంటీమీటరుల ఇంజనుతోను, 55 అశ్వశక్తితోను, ముందుచక్రములకు డిస్కు బ్రేకులతోను మినీ కూపర్ వెలువడెను. మంచు గప్పిన కొండదారులలో జరుగు మాంటీకార్లో పందెమును ఈ తరగతి కారే 1964, 1965, 1967 సంవత్సరములలో గెలిచినది. 1966లో సైతము మొదటి మూడు స్థానములును దానివేయైనను, ముందుదీపములు నిబంధనకు విరుద్ధమని న్యాయాధికారులు త్రోసివేసిరి. తిన్నని బాటలో దానిని మించి పరుగెత్తు కార్లు లేకపోలేదు. మలుపులదారిలో, లాగు చక్రములమీదనే ఇంజను బరువుండుట దానికి మేలైనది.

రాజభోగము మాట వేఱు. మొదటి మినీలో తలుపు తెఱచుటకు లోపల పిడియైనను లేదు, లాగుటకొక త్రాడుండెను. అద్దములు ప్రక్కకు జరుపునవి. అద్దమును క్రిందికి దించు యంత్రము తలుపులో లేనందున అచ్చట పెద్ద సంచులవంటి అరలు మిగిలినవి. 1961లో వచ్చిన రైలీ ఎల్ఫ్, వోల్స్‌లీ హార్నెట్ అను రెండు రూపాంతరములలో చెక్కపలకల అలంకరణ చేరెను. రాడ్‌ఫర్డు మొదలగు శాలలవారు తోలు ఆసనములు, విద్యుత్తుతో కదలు అద్దములు అమర్చి ధనికుల కమ్మిరి. 1969లో సాధారణపు మినీకిని అద్దము దించు యంత్రము వచ్చినది. వచ్చినంతనే తలుపులోని ఆ చక్కని అరలు పోయినవి. మొదటి మూడు గుణములును ఒక్క నిర్మాణమునుండి పుట్టి ఒకదాని నొకటి పోషించినవి. భోగము మాత్రము పైనుండి వచ్చి బరువును, వెలను పెంచి, చోటును తగ్గించినది.

లోపములు లేవా? ఉన్నవి. తొలి బండ్లలో వాననీరు అడుగునుండి లోనికి వచ్చెడిది. ఇంజనునకు నిప్పురవ్వ నందించు పరికరము ముందరి జల్లికి ఎదురుగా నుండి, జోరువానలో తడిసి బండి నిలిచిపోయెడిది. వాటిని క్రమముగా చక్కదిద్దిరి. 2000వ సంవత్సరమున ఆ నిర్మాణము ముగియునాటికి 53 లక్షలకు పైగా బండ్లు తయారైనవి. 2001 నుండి బీ.ఎం.డబ్ల్యు. సంస్థ అదే పేరుతో కార్లు చేయుచున్నది; వానిలో మొదటిదే పాతదానికంటె రమారమి రెండడుగులు పొడవు.

మన దేశమున 1983లో వచ్చిన మారుతి 800ను మీరెఱుగుదురు. అందును ఇంజను అడ్డముగానే యుండును, ముందుచక్రములే లాగును. గేరుపెట్టె మాత్రము క్రింద గాక ప్రక్కన నుండును. పంట యమ్మిన సొమ్ముతో ఇంటికి చిన్నకారు కొనదలచినవారు ముందాసనములలో గాక వెనుక కూర్చుండి మోకాళ్లకు చోటున్నదో లేదో చూచుట మేలు. బండి అడుగునకును నేలకును నడుమ జానెడు ఎడమైనను లేనిచో, బండిజాడలు పడిన డొంకదారిలో అది నడుమ తగిలి నిలుచును. చక్రములు మఱీ చిన్నవైనచో గుంటలో లోతుగా దిగును. మాంటీకార్లో గెలిచిన బండియైనను మన పొలముదారికి తగినది కాదు.