పొలుసు ఊడితే జబ్బు పోయినట్టేనా?

తలలో వచ్చిన సోరియాసిస్‌ని చుండ్రు అనుకుని చాలాకాలం నెట్టుకొచ్చేవాళ్ళు మనలో తక్కువేం కాదు. షాంపూలు మారుస్తారు, నూనెలు మారుస్తారు, చివరికి ఊరి నీళ్ళ మీద నెపం వేస్తారు. చుండ్రు సన్నటి పొట్టుగా రాలుతుంది. సోరియాసిస్ పొలుసు మందంగా, వెండి రంగులో మాడుకి అతుక్కుని ఉంటుంది. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటికీ, చెవుల వెనక్కీ, మెడ మీదికీ దిగుతుంది. వైద్య పుస్తకాల బొమ్మల్లో పొలుసు కింది చర్మం ఎర్రగా ఉంటుంది గానీ, చామనఛాయ వాళ్ళకి అది ఊదాగానో ముదురు గోధుమరంగులోనో కనబడి డాక్టర్లనీ తికమక పెట్టవచ్చు. ఇది అంటువ్యాధి కాదు. పెళ్ళిసంబంధాల దగ్గర దాచాల్సిన రహస్యమూ కాదు.

చర్మం అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి మామూలుగా నెల రోజులు పడుతుంది. మన రోగనిరోధక వ్యవస్థే దారితప్పి తొందరపెట్టడం వల్ల సోరియాసిస్‌లో ఆ ప్రయాణం మూడు నుంచి ఐదు రోజుల్లో ముగుస్తుంది. పక్వానికి రాని కణాలు రాలకుండా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఆ దొంతర మీద ఎంత మంచి మందు రాసినా లోపలికి దిగడం కష్టం.

గ్లైకాలిక్ ఆమ్లం పనికొచ్చేది ఇక్కడే. చెరకులో దొరికే ఈ ఆమ్లం, ముఖానికి రాసుకునే ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాలన్నిటిలోకీ చిన్న అణువు. అందుకే సులభంగా చొరబడి, కణాల మధ్య పట్టు సడలిస్తుంది. చేప పొలుసుల్లా చర్మం కట్టే ఇక్తియోసిస్ అనే జబ్బు మీద ఈ ఆమ్లాల ప్రభావాన్ని అమెరికాలో యూజీన్ వాన్ స్కాట్, రూయీ యూ 1974లో ప్రకటించారు. అందాల వ్యాపారం వీటిని అందుకున్నది ఆ తర్వాతే. 2000లో గ్రీసు వైద్యులు 20 మంది రోగుల తలల మీద 10 శాతం గ్లైకాలిక్ లోషన్‌నీ, బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ లోషన్‌నీ పరీక్షించారు. విడివిడిగా కంటే రెండూ కలిపి వాడినప్పుడు గుణం ఎక్కువ కనిపించింది. పరీక్ష చిన్నదే, కానీ దాని తర్కం బాగుంది: ఆమ్లం దారి తీస్తుంది, మందు లోపల పని చేస్తుంది. ఆమ్లం ఒక్కటే జబ్బు మూలాన్ని ముట్టుకోలేదు.

అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా సోరియాసిస్ మందుగా అమ్మడానికి ఎఫ్‌డీఏ ఒప్పుకున్న జాబితాలో సాలిసిలిక్ ఆమ్లం, కోల్‌తార్ ఉన్నాయి, గ్లైకాలిక్ లేదు. గ్లైకాలిక్ సీసా మీద సోరియాసిస్ మందన్న హామీ కనిపిస్తే అనుమానించండి.

ఇంట్లో వాడేది 10 శాతం మించకూడదు, పీహెచ్ 3.5 కంటే తగ్గకూడదు. ఆన్‌లైన్‌లో దొరికే 30, 70 శాతం పీల్ సీసాలు తలకి పనికిరావు. కాలితే మన రంగు చర్మం మీద ఆ మచ్చ నెలల తరబడి పోదు. ముందు చెవి వెనక కాస్త రాసి చూడండి. పాపిట తీసి పొలుసు మీద మాత్రమే రాయాలి. పగిలి నెత్తురు కారుతున్న చోట వద్దు. ఆమ్లం రాసిన చర్మాన్ని ఎండ త్వరగా కాల్చేస్తుంది, పాపిటకి టోపీ అవసరం. కాల్సిపోట్రియాల్ అనే సోరియాసిస్ పూతమందు వాడుతుంటే దాంతో కలిపి రాయవద్దు, ఆమ్లం తగిలితే ఆ మందు సత్తువ పోతుంది.

చికాగో, టొరాంటో చలికాలంలో హీటరు గాలికి ఎండిన మాడుకి రాత్రి కొబ్బరినూనె పట్టించడం మంచిదే, పొలుసు మెత్తబడుతుంది. పొద్దున్నే పేనుదువ్వెనతో గీకి తీయడమే తప్పు. గీరుకున్న చోట సోరియాసిస్ కొత్తగా పుట్టవచ్చు. దీన్నే కోబ్నర్ లక్షణం అంటారు. ఇండియా వెళ్ళినప్పుడు ఎవరో ఇచ్చిన పేరులేని మందు పొట్లాలు అంతకంటే ప్రమాదం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, ఆపిన వెంటనే ఒళ్ళంతా చీముపొక్కులతో తిరగబెట్టవచ్చు.

తలలో పొలుసుతో పాటు నిద్ర లేవగానే వేళ్ళు బిగుసుకుంటున్నా, గోళ్ళ మీద చిన్న గుంటలు పడుతున్నా అది కీళ్ళకి పాకుతున్న సూచన కావచ్చు. అప్పుడు లోషన్లతో కాలయాపన చేయకుండా కీళ్ళ డాక్టర్‌ని కలవండి.