ఫ్రిస్కోలో ఇంటికి ఇక్కడి పొలం అమ్మాలా?

అబ్బాయి అమెరికాలో ఇల్లు కొంటున్నాడంటే ఊళ్లో కన్నవారికి సంతోషమే. అయితే చేతిలో రొక్కం చాలక, "నాన్నా, ఆ రెండెకరాలు అమ్మితే ఎలా ఉంటుంది?" అని అడిగినప్పుడు తొందరపడరాదు. ముందు అక్కడి లెక్క తెలుసుకోవాలి.

టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ నగరానికి ఉత్తరాన ఫ్రిస్కో అనే ఊరు ఉన్నది. ఒక రైలు కంపెనీ ముద్దుపేరే ఈ ఊరి పేరైంది. 1990లో ఇక్కడి జనాభా 6 వేల పైచిలుకు. 2020 నాటికి 2 లక్షలు దాటింది. పొలాలు పోయి బంగళాలు వెలిశాయి. మన తెలుగువారు చాలామంది స్థిరపడ్డారు. హనుమంతుడి గుడి కూడా ఉన్నది. పిల్లల చదువు కోసం మంచి బడులు చూసుకుని వచ్చేవారు ఎక్కువ.

అప్పు లెక్క

ఉదాహరణకు ఇల్లు 5 లక్షల డాలర్లు అనుకుందాం. లక్ష డాలర్లు ముందు కట్టి, మిగతా 4 లక్షలు ఆరున్నర శాతం వడ్డీకి 30 ఏళ్ల అప్పు తీసుకుంటే, నెల వాయిదా సుమారు 2,530 డాలర్లు. గడువు తీరేసరికి కట్టేది 9 లక్షల డాలర్ల పైమాటే. ముందు కట్టేది ఐదో వంతుకు తగ్గితే సాధారణంగా అప్పుకు బీమా ఖర్చు కూడా తోడవుతుంది.

టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. అందుకు బదులు ఇంటి పన్ను బరువు. మినహాయింపులు పోగా మిగిలే విలువ మీద నూటికి ఒకటిన్నర నుంచి రెండు డాలర్ల దాకా ఏటా కట్టాలి. అందులో పెద్ద వాటా బడులకే పోతుంది. అప్పు తీరినా ఈ పన్ను తీరదు. కాలనీ సంఘం చందా దీనికి అదనం.

ఉద్యోగం పోతే

హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే, మరో ఉద్యోగం చూసుకోవడానికో, వేరే వీసాకు మారడానికో ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. వీసా గడువు వేరు, ఇంటి వాయిదా వేరు. మనిషి తిరిగి వచ్చినా అప్పు ఆగదు.

పొలం సంగతి

మన దేశంలో ఉండే తండ్రి కొడుకుకు బహుమతిగా డబ్బు పంపవచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక్కొక్కరికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు పరిమితి. అయితే అక్కడి బ్యాంకు తండ్రి చేత "ఇది అప్పు కాదు, తిరిగి ఇవ్వనక్కరలేదు" అని ఉత్తరం రాయించుకుంటుంది. ఆ సంతకం అర్థం తెలిసి పెట్టాలి.

ఇంకో మాట. విదేశాల్లో స్థిరపడినవారు మన దేశంలో సాగుభూమి కొనడానికి సాధారణంగా వీలులేదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. అంటే ఈ రోజు తండ్రి అమ్మిన పొలాన్ని, రేపు ఎంత సంపాదించినా కొడుకు అక్కడుండి తన పేర కొనలేడు.

ఆరు నెలల వాయిదాలు, పన్ను, చందా కలిపి కొడుకు చేతిలో విడిగా ఉన్నదా? వీసా ఎంతకాలం ఉన్నది? పొలం పోతే పెద్దల తిండికి, మందులకు ఆధారమేమిటి? ఈ మూడింటికీ జవాబు దొరికాకే బేరానికి కూర్చోవడం మంచిది.