మైన్ అంటే గనా, నాదా?

మన ఊర్లో "మైన్స్" అంటే అర్థం చెప్పాల్సిన పనిలేదు. "మా తాత మైన్స్‌లో పని చేసినాడు" అంటే, చాంపియన్ రీఫా, నందిద్రుగా, మైసూర్ మైనా అని మాత్రమే అడుగుతారు. అదే మాట ఇంగ్లీషు క్లాసులో "దిస్ ఈజ్ మైన్" అని వస్తే "ఇది నాది" అవుతుంది. ఎట్లా?

నిజానికి ఇవి రెండు వేరే మాటలు. "నాది" అనే మైన్ ఇంగ్లీషుకు పుట్టింటి మాట. "గని" అనే మైన్ ఫ్రెంచి నుంచి వచ్చింది. పలకడంలో, రాయడంలో రెండూ ఒకటైపోయినాయి. మనకూ ఇట్లాంటివి ఉన్నాయి: తాగే పాలు వేరు, అన్నదమ్ములు పంచుకునే పాలు వేరు.

మరి మందుపాతరను మైన్ అని ఎందుకంటారు? వెనకటికి శత్రువుల కోటగోడ కింద సొరంగం తవ్వి గోడను కూల్చేవాళ్ళు. ఆ సొరంగమూ మైనే. తర్వాత అందులో మందు కూరి పేల్చినారు. అట్లా పేలేదానికీ అదే పేరు నిలిచింది.

ఇంగ్లీషు నేర్చుకునే ఫ్రెంచి అమ్మాయికి తికమక ఇంకోరకం. అవే అక్షరాలను ఆమె "మీన్" అని చదువుతుంది. (తమిళంలో అయితే చేప!) ఆమె భాషలో దానికి గని, మందుపాతర, పెన్సిల్ లోపలి నల్లపుల్ల, ముఖంలో కళ అనే అర్థాలున్నాయి. "నాది" అనే అర్థం మాత్రం లేదు. దానికి వేరే మాట ఉంది. అదీ వస్తువు లింగాన్ని బట్టి మారుతుంది: పుస్తకం పుంలింగం, బల్ల స్త్రీలింగం. మనకు వస్తువు ఒకటైతే "నాది", ఎక్కువైతే "నావి". ఇంగ్లీషులో అన్నింటికీ ఒకే మైన్.

గుర్తుపట్టడం సులభం. "మై" తర్వాత వస్తువు పేరు వస్తుంది, "నా పుస్తకం" లాగా. "నాది" అనే మైన్ తర్వాత రాదు. ముందు "ఎ", "ద" ఉన్నా, చివర "స్" చేరినా అది గనో, మందుపాతరో.

ఇంకొక జాగ్రత్త. తెలుగులో "మైనర్" అని రాస్తే గనిలో పనిచేసేవాడూ, పద్దెనిమిదేళ్ళు నిండనివాడూ ఒకటే అయిపోతారు. "గని కార్మికుడు" అని రాస్తే మేలు.

ఇంతకీ మన మైన్ ఎవరిది? 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకుంది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న మూసేసినారు. మూడు కిలోమీటర్ల లోతుకు దిగి పని చేసినవాళ్ళు ఏ కాగితంలోనూ "మైన్ ఈజ్ మైన్" అని రాసుకోలేకపోయినారు. అయినా ఈరోజుకూ "మన మైన్స్" అనే అంటారు. ఇంగ్లీషులో "మా"కూ "మన"కూ ఒకటే మాట. ఎదుటివాళ్ళనూ కలుపుకునే "మన" తెలుగులో ఉంది. మనవాళ్ళు ఆ మాటనే ఎంచుకున్నారు.