స్ప్రింక్లర్లు ఉంటే అగ్నిని ఆపే గోడలెందుకు?

విజయపురి సౌత్ ఊరి పక్కనే నాగార్జునసాగర్ జలాశయం ఉంది. అయినా అక్కడ మంట ఆర్పాలంటే నీళ్లు స్ప్రింక్లర్ పైపులోకి రావాలి కదా!

స్ప్రింక్లర్ ఎలా పనిచేస్తుంది? దాని మూతిని చిన్న గాజు గొట్టం మూసి ఉంచుతుంది. సాధారణంగా 68 డిగ్రీల వేడికి అందులోని ఎర్రటి ద్రవం ఉబ్బి, గాజు పగిలి, నీళ్లు చిమ్ముతాయి. మంట దగ్గరున్నవే తెరుచుకుంటాయి.

మరి గోడలెందుకు? ట్యాంకు ఖాళీ అయినా, పంపు ఆగినా స్ప్రింక్లర్ పనిచేయదు. రెండు గంటలు మంటను తట్టుకునేలా కట్టిన గోడకు నీళ్లూ కరెంటూ అక్కర్లేదు. గట్టిగా మూసుకునే తలుపులు తోడైతే పొగ మెట్లదారిలోకి చేరదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురిని బలిగొన్నది పొగే.

స్ప్రింక్లర్ మంటను అణచాలి, గోడ మనం బయటపడేదాకా దాన్ని ఆపాలి. అందుకే రెండూ ఉండాలి.