కూడిక ముందా, గుణకారము ముందా?

ఇంటిలెక్కలను సరిచూచుటకు మన తలిదండ్రులు పలువురు అంగడి కాలిక్యులేటరును వాడుచున్నారు. 2 + 3 × 4 అని వరుసగా నొక్కినచో అట్టి యంత్రములు పెక్కు 20 అని చూపును. బిడ్డ 14 అని వ్రాసియుండును. యంత్రమును నమ్మి బిడ్డను దండింపవలదని మా మనవి, బిడ్డదే సరి.

కంప్యూటరునకు ఆజ్ఞలను టైపుచేయు ప్రోగ్రామును ‘షెల్’ అందురు. బాష్ అను షెల్ ఈ లెక్కకు 14 అనియే చెప్పును. గుర్తుల వరుసను ప్రోగ్రామునకు నేర్పుటెట్లు? 1961లో డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా రైల్వే యార్డును పోలిన మార్గమొకటి వివరించెను. బల్లార్షా యార్డులో పెట్టెలను పక్కలైనున నిలిపి వరుస మార్చుట మనమెరిగినదే. అట్లే అంకెలు తిన్నగా సాగిపోవును; గుర్తులు పక్కలైనున ఆగును. ‘+’ ఆగియుండగా ‘×’ వచ్చెననుకొందము. ‘×’ బలమైనది గనుక ‘+’ కదలదు; ‘×’ దాని వెనుక నిలుచును. కడపట చేరినది మొదట వెడలును. తుదకు 2 3 4 × + అని వరుస యేర్పడును: ముందు 12, పిదప 14. కుండలీకరణము తెరచినచో అదియు అచ్చటనే ఆగి, మూసినపుడు లోపలి గుర్తులన్నిటిని వెడలించును.

అయినను షెల్ మాటయే వేదము కాదు. 7ను 2చే భాగించిన బాష్ 3 అని చెప్పి భిన్నమును విడిచివేయును. −2²ను మన పాఠ్యపుస్తకము −4 అనును; బాష్ ఋణచిహ్నమును ముందే అంకెకు చేర్చి 4 అనును. దానిని కూర్చినవారట్లు నిర్ణయించిరి. బిడ్డ ఇట్టి సందేహమడిగినచో కసరక మాయొద్దకు పంపుడు.